కోనలు చూసొస్తున్నాం, ఊళ్లు చూడటం లేదు

సంపాదకులు గారికి నమస్కారం.

కార్తీకం దగ్గర పడుతోంది. ఇంక మీ జిల్లా పేజీలో పెంచలకోన, భైరవకోన ఫొటోలు మొదలవుతాయి, శని ఆదివారాలు వస్తే నెల్లూరు నుంచి, ఒంగోలు నుంచి జనం కార్లు మాట్లాడుకుని బయలుదేరుతారు. నేనూ ఆ జనంలో ఒకదాన్ని. మాది నెల్లూరు మూలాపేట. అమ్మమ్మ వాళ్లది ఉదయగిరి దిక్కున ఒక పల్లె, చిన్నప్పుడు వేసవి సెలవులన్నీ ఆ కొండల కిందే గడిచాయి. పెళ్లయ్యాక మాత్రం పొద్దున పోయి చీకటి పడేలోగా ఇంటికొచ్చేయడమే అలవాటైపోయింది. పోయినేడు కార్తీకంలో జరిగిన ఒక సంగతి నన్ను కుదురుగా ఉండనివ్వడం లేదు. అది నలుగురికీ తెలియాలనే ఈ ఉత్తరం.

ఆ రోజు అత్తమ్మ, మా ఆయన, ఇద్దరు పిల్లలు, నేను ఒక కోనకు పోయాం. పేరు రాయను, ఎందుకంటే ఇది ఆ ఒక్కచోట జరిగేది కాదు. పులిహోర, దద్దోజనం కట్టుకుని తెల్లవారుజామునే బయలుదేరాం. దర్శనం బాగా జరిగింది, జలపాతం కూడా నిండుగా దూకుతోంది, పిల్లలు నీళ్లలోంచి బయటికి రామంటున్నారు. పదకొండు గంటలప్పుడు చూస్తే అత్తమ్మ ఒక బండ మీద కూర్చుని ఉంది, పెదాలు ఎండిపోయి, ముఖం వాడిపోయి. ఏమైంది అత్తమ్మా అంటే ముందు ఏమీ లేదంది. రెండోసారి అడిగితే చెప్పింది, దారిలో ఇబ్బంది అవుతుందని రాత్రి నుంచే నీళ్లు తాగలేదంట. ఆమెకు 68 ఏళ్లు, షుగర్ ఉంది. నాకు కాళ్లూ చేతులూ ఆడలేదు. బాత్‌రూమ్‌లు ఉన్నాయని బాణం గుర్తు వేసిన వైపు తీసుకుపోతే రెండు గదులకూ తాళాలు, తాళాలకు తుప్పు. చెవి ఎవరి దగ్గరుందో అక్కడ ఎవరికీ తెలియదు. చుట్టూ మగవాళ్లు, కార్లు. ఆ వయసు మనిషిని చెట్ల చాటుకు పొమ్మని ఎట్లా చెప్పేది?

టెంకాయలు అమ్ముకునే ఆమె ఒకామె మమ్మల్ని చూసింది. గంప పక్క కొట్టామెకు అప్పజెప్పి, "రా పెద్దమ్మా, మా ఇంటికి పోదాం, ఇట్ల రెండడుగులే" అని అత్తమ్మ చెయ్యి పట్టుకుంది. రెండడుగులు కాదు గానీ అర కిలోమీటరు ఉంటుంది. రెండు గదుల మిద్దె, వెనక శుభ్రంగా కడిగిన బాత్‌రూమ్, తొట్టి నిండా నీళ్లు. అత్తమ్మ బయటికి వచ్చేసరికి చాప వేసి, పెద్ద గ్లాసుతో మజ్జిగ ఇచ్చింది, ఉప్పు వేసి, కాస్త అల్లం దంచి వేసి. గ్లాసు ఖాళీ అయితే మళ్లీ పోసింది. డబ్బులివ్వబోతే చేతులు వెనక్కి పెట్టుకుంది. పిల్లలు మిద్దె ఎక్కి అరుస్తుంటే నేనూ పోయి చూశాను. ఎదురుగా వెలుగొండ వరస మొత్తం నీలంగా, కొండ నడుము మీద తెల్లటి గీతలాగా నీళ్లు దిగుతున్నాయి. ఇంత చోటు ఉండగా మేమెప్పుడూ కార్లోంచి దిగి ఇటు రాలేదే అనిపించింది. ఆమె మాట ఇంకా చెవుల్లోనే ఉంది. "మీ నెల్లూరోళ్లు వస్తారు, చూస్తారు, పోతారక్కా. మా ఊళ్లో టీ కూడా తాగరు."

నిజమే కదండీ. అన్నం మనం కట్టుకుని పోతాం, నీళ్ల బాటిళ్లు ఇక్కడే కొనుక్కుంటాం, పెట్రోలు దారిలో ఎక్కడో పోయిస్తాం, చీకటి పడకముందే వెనక్కి తిరుగుతాం. ఆ ఊరికి మనం వదిలిపెట్టి వచ్చేది ఖాళీ బాటిళ్లు, ఇస్తరాకులు. కోన మాత్రమే మనకు కావాల్సింది అన్నట్టు పోతున్నాం, దాని కింద ఊరొకటుందని గుర్తే లేదు. నా మనవి ఒక్కటే. ఈ కొండ ఊళ్లలో మనం ఒక రాత్రి ఉండాలి. ఉండేటట్టు మూడు నాలుగు మామూలు సౌకర్యాలు అధికారులు, ఊరివాళ్లు కలిసి చూడాలి. పెద్ద పెద్ద ప్రాజెక్టుల సంగతి తర్వాత.

ఉదయగిరి సంగతే తీసుకోండి. మన పిల్లలకు కృష్ణదేవరాయలు అంటే హంపి తెలుసు, తెనాలి రామలింగడి కథలు తెలుసు. అంత రాయలు ఒడిశా రాజులైన గజపతుల చేతిలోంచి ఈ ఉదయగిరి కోటను తీసుకోవడానికి దాదాపు ఏడాదిన్నర ముట్టడి వేసి కూర్చున్నాడని, 1514లో గానీ అది లొంగలేదని ఎంతమందికి తెలుసు? ఇక్కడి బాలకృష్ణుడి విగ్రహాన్నే హంపికి తీసుకుపోయి అక్కడ కృష్ణాలయం కట్టించి ప్రతిష్ఠించాడు, ఆ విగ్రహం ఇప్పుడు చెన్నై మ్యూజియంలో ఉంది. సముద్ర మట్టానికి మూడు వేల అడుగులకు పైగా ఎత్తున్న కొండ అది. పాత రోజుల్లో కొండ మీద ఎనిమిది, కింద అయిదు, మొత్తం పదమూడు కోటలుండేవని చెబుతారు. ఇప్పుడు కూలిన బురుజులు, మసీదులు, కింద రంగనాయకుల గుడి శిథిలాలు, మీద గాలి. మేము చిన్నప్పుడు తాతయ్య వెంట ఎక్కేవాళ్లం, ఆయనే దారి, ఆయనే గైడు. ఏ బురుజు ఎవరిది, ఏ గుంటలో ఎండాకాలం కూడా నీళ్లుంటాయి, ఏ పక్క జారుడు బండ ఉంది, అన్నీ చెప్పేవాడు. ఇప్పుడు కొత్తగా వచ్చిన మనిషికి ఆ మాట చెప్పేవాళ్లెవరు? దారి చూపించే బాణాలు, చరిత్ర చెప్పే తెలుగు బోర్డులు కొండ పొడుగునా ఉండాలి. ఊళ్లో చదువుకుని ఖాళీగా ఉన్న పిల్లలు పది మందికి నేర్పించి గుర్తింపు కార్డులిస్తే వాళ్లకూ నాలుగు డబ్బులు వస్తాయి, ఎక్కేవాళ్లకూ టెన్షన్ ఉండదు. పైగా ఇది ఎర్రచందనం ఉన్న అడవి. దారి తప్పి లోపలికి పోతే ఎన్ని చిక్కులో ఈ ప్రాంతం వాళ్లకు చెప్పనక్కర్లేదు. స్థానికుడు వెంట ఉండటమే మంచిది.

పొద్దున్నే ఎక్కాలి ఆ కొండ, ఎండ ఎక్కకముందే. నెల్లూరు నుంచి వంద కిలోమీటర్ల దూరం, సంగం దాటి, ఆత్మకూరు దాటి అక్కడికి చేరేసరికే పది గంటలవుతుంది. అప్పుడు ఎక్కడం మొదలుపెడితే సగంలోనే నీరసం, అక్కడి నుంచే సెల్ఫీ తీసుకుని దిగిపోవడం. రాత్రి ఊళ్లో ఉన్నవాళ్లకే ఆ కోట దక్కుతుంది. సాయంత్రం వేళ ఏం చూడాలి అంటారా? చెక్క గరిటెలు చేసేవాళ్ల వీధికి పొండి.

ఉదయగిరి చెక్క గరిటెలు, స్పూన్లు, ఫోర్కులు ఇప్పుడు పేరున్న వస్తువులు, 2015లో జీఐ గుర్తింపు, అంటే ఇది ఈ ఊరి వస్తువే అని చెప్పే ప్రభుత్వ గుర్తింపు, కూడా వచ్చింది. కానీ నెల్లూరులో మా వీధిలో అడగండి, సగం మందికి తెలియదు. చిన్నప్పుడు అమ్మమ్మ వెంట ఒకింటికి పోయేదాన్ని. పని చేసేది ఎక్కువగా ఆడవాళ్లే, ముస్లిం కుటుంబాలు జాస్తి. పోయినేడు మళ్లీ పోతే ఆ ఇంట్లో కూతురు చేస్తోంది. నార్ది చెక్క ముక్క ఒకటి కాలి వేళ్ల మధ్య బిగించుకుని, ఆకురాయితో ఒక్కో గీత రాస్తూ, మధ్య మధ్యలో కళ్ల దగ్గరికి తెచ్చుకుని చూసుకుంటూ. గరిటె గుంట సమంగా వచ్చిందో లేదో చూడటానికి బొటనవేలు లోపల పెట్టి తిప్పుతుంది, గరుకు తగిలితే మళ్లీ ఆకురాయి. ఆ తర్వాత గరుకు కాగితం. కాడ చివర చిన్న పువ్వు చెక్కుతున్నప్పుడు మాట్లాడించినా పలకలేదు, ఊపిరి బిగబట్టే చేస్తుంది ఆ పని. మా పాప అరగంట కదలకుండా కూర్చుంది, ఇంట్లో పది నిముషాలు కుదురుగా ఉండని పిల్ల. ఆరు గరిటెలు కొన్నాం. ఈ రోజుకీ మా ఇంట్లో నాన్‌స్టిక్ పెనం మీద తిప్పేది అవే. గంట చూసి పోయే హడావుడిలో ఆ వీధికి ఎవరు పోతారు చెప్పండి. తీరిక ఉన్నవాళ్లే పోతారు.

ఇంకో సంగతి. మనవాళ్లు చాలామంది ఎండాకాలం సెలవుల్లో జలపాతం చూడాలని పోయి, బండలు చూసి నిట్టూర్చి వస్తారు. మన జిల్లాలకు అసలు వాన ఈశాన్య రుతుపవనాలతో వచ్చేదే, అక్టోబరు నుంచి డిసెంబరు దాకా. నవంబరు, డిసెంబరు, సంక్రాంతి వరకూ కోనల్లో నీళ్లు బాగుంటాయి. శివరాత్రికి సన్నబడతాయి, మే నెలకు ఏమీ ఉండదు. ఈ మాత్రం సమాచారం ఎక్కడా స్పష్టంగా రాసి ఉండదు. అలాగే తుపాను పట్టినప్పుడు పోకూడదని కూడా చెప్పాలి. పైన ఎక్కడో కొండల్లో కురిసిన వానకు కింద కోనలో నీళ్లు ఉన్నట్టుండి పెరుగుతాయి, మనం నిలబడ్డచోట ఎండ కాస్తున్నా సరే. బండలు నాచు పట్టి ఉంటాయి, గుంట లోతెంతో పైకి తెలియదు. పిల్లల్ని వదిలేసి ఫోన్లు చూసుకుంటున్న తల్లిదండ్రుల్ని చూస్తే నాకు గుండె దడదడలాడుతుంది.

భైరవకోన గురించి రాయకుండా ఉండలేను. సీఎస్ పురం (చంద్రశేఖరపురం) మండలం కొత్తపల్లి దగ్గర, ఉమ్మడి ప్రకాశం జిల్లాలోది, మా ఉదయగిరి వైపు నుంచి సీతారాంపురం మీదుగా పోవచ్చు. ఒకే కొండను తొలిచి ఎనిమిది శివాలయాలు. కట్టినవి కాదు, తొలిచినవి. ద్వారపాలకులు, స్తంభాలు, లోపల గర్భగుడి, అన్నీ ఆ రాతిలోనే. లింగాలకు పేర్లు చూడండి ఎంత బాగుంటాయో, శశినాగలింగం, రుద్రలింగం, విశ్వేశ్వరుడు, నగరికేశ్వరుడు, భర్గేశ్వరుడు, రామేశ్వరుడు, మల్లికార్జునుడు, పక్షమాలిక. కార్తీక పౌర్ణమి రాత్రి చంద్రుడి వెలుగు కిందనున్న దుర్గాంబ అమ్మవారి మీద పడుతుందని ఎక్కడెక్కడి నుంచో వస్తారు. వెన్నెల కోసం వచ్చేవాళ్లు పగలు పోయి సాయంత్రం తిరిగి రాలేరు కదా, రాత్రంతా అక్కడే. ఆ ఒక్కరోజు ఏర్పాట్లు ఉంటాయి సరే, మిగతా రోజుల్లో ఒక ఆడమనిషి తన తల్లిని తీసుకుని ధైర్యంగా ఒక రాత్రి ఉండే గది ఈ కొండల కింద ఎన్ని ఊళ్లలో ఉంది?

పెంచలకోనలో అయితే శనివారాలు ఒకటే రద్దీ. నరసింహస్వామి చెంచులక్ష్మిని పెనవేసుకున్న శిల కాబట్టి పెనుశిల అయిందని మా అమ్మమ్మ చెప్పేది. చుట్టూ అభయారణ్యం కూడా స్వామి పేరు మీదే ఉంది. గుడి వరకూ పోయి వచ్చేవాళ్లే తప్ప రాపూరులో ఆగేవాళ్లు తక్కువ. సీతారాంపురం మండలంలో ఘటిక సిద్ధేశ్వరం అడవి లోపల ఉంటుంది, అవధూత కాశినాయన గారి పుణ్యమా అని వచ్చినవాళ్లకు కడుపు నిండా అన్నం పెడతారు. అక్కడ తిన్నాక నేను అనుకున్నాను, ఆకలి తీర్చే చేయి ఈ కొండల్లో ఎప్పుడూ ఉంది, మనమే తీసుకునే తీరు నేర్చుకోలేదని. తిని ఆకు ఎక్కడ పడేయాలో కూడా చూసుకోం.

చెత్త మాట వచ్చింది కాబట్టి రాస్తున్నాను. 2022 జూలై 1 నుంచి ఒకసారి వాడి పారేసే ప్లాస్టిక్ గ్లాసులు, ప్లేట్లు, స్ట్రాలు దేశమంతా నిషేధం. కోనల్లో వాగు పక్కన కూర్చుని చూస్తే ఆ నిషేధం ఉన్నట్టే ఉండదు. మా బాబు ఒక బండ సందులోంచి షాంపూ ప్యాకెట్లు తీయడం మొదలుపెట్టాడు, దోసిలి నిండింది. ఆ నీళ్లే కింద పల్లెలో చేలకు పోతాయి, గొడ్లు తాగుతాయి. కొందరు అంటారు, మనుషులు ఎక్కువ వస్తే చెత్త ఇంకా పెరుగుతుంది, ఎవరూ రాకపోతేనే మేలని. నేను ఒప్పుకోను. పారేసి పోయేది ఎవరు? గంట ఉండి కారెక్కేవాళ్లు. వాళ్లను అడిగేవాళ్లు లేరు, వాళ్లకు ఎవరి ముఖమూ తెలియదు. ఒకరింట్లో రాత్రి పడుకుని, వాళ్ల చేతి సంగటి తిని, పొద్దున్నే ఆ ఇంటి పిల్లాడే దారి చూపిస్తుంటే ఆ పిల్లాడి ముందు బాటిలు విసరడానికి చెయ్యి రాదు. మజ్జిగ ఇచ్చిన ఆమె ఊళ్లో మా పిల్లలు ఒక్క కాగితం కూడా పడేయలేదు, నేను చెప్పకుండానే.

బాత్‌రూమ్‌ల సంగతి మళ్లీ. కట్టడానికి డబ్బులు వస్తాయి, కడతారు, రిబ్బను కత్తిరిస్తారు. ఆ తర్వాత నీళ్లెవరు నింపాలి, ఎవరు కడగాలి, తాళం ఎవరు తీయాలి అన్నది ఎవరి పనీ కాకుండా పోతుంది. ఆ ఊరి పొదుపు సంఘానికి అప్పజెప్పండి. అయిదో పదో రూపాయలు తీసుకోనివ్వండి, మేం సంతోషంగా ఇస్తాం. దూబగుంట మన జిల్లాదే కదా. సారా అంగళ్లు మూయించడానికి అక్కడి ఆడవాళ్లు కొంగు బిగించి నిలబడితే అది రాష్ట్రమంతా పాకి 1993లో సారా నిషేధమే వచ్చింది, ఆ ఊపులోనే మన నెల్లూరు జిల్లాలో పొదుపు సంఘాలు పుట్టాయి. అంత పని చేసినవాళ్ల అక్కచెల్లెళ్లకు రెండు బాత్‌రూమ్‌లు శుభ్రంగా ఉంచడం, నలుగురికి వండి పెట్టడం, మిద్దె మీద ఒక గది అద్దెకివ్వడం కష్టమా? కావాల్సింది పరుపులు, బకెట్లు, ఒక దోమతెర కొనుక్కోవడానికి చిన్న అప్పు, ఇల్లు చూసి ఇది బాగుంది అని రాసిచ్చే ఒక అధికారి. సీతాఫలాల కాలంలో రోడ్డు పక్కన గంపలు పెట్టుకుని ఎండలో కూర్చునే ఆడవాళ్లకు ఇదొక ఆసరా అవుతుంది.

ప్రకాశం వైపు వాళ్లకు కూడా ఇదే చెప్తాను. కంభం చెరువు ఎంతమంది చూశారు? రెండు కొండల మధ్య గుండ్లకమ్మకు అడ్డంగా చిన్న కట్ట వేసి అంత నీటిని నిలబెట్టారు, గజపతుల ఇంటి ఆడపడుచు, రాయలవారి భార్య వరదరాజమ్మ కట్టించిందని చెబుతారు. 2020లో ప్రపంచ వారసత్వ నీటిపారుదల కట్టడాల్లో దానికి చోటు దొరికింది. రైలు కంభం దాకా పోతుంది. మార్కాపురం పలకల మీద అక్షరాలు దిద్దిన తరం మనది, ఆ రాయి ఎట్లా చీలుస్తారో మన పిల్లలకు చూపించామా?

రోప్‌వే వస్తుంది, రిసార్టు వస్తుంది అని అప్పుడప్పుడు వింటుంటాం. వస్తే రానీండి. కానీ రోప్‌వే ఎక్కి దిగేవాడు కూడా గంటలోనే పోతాడు, టెంకాయల గంప పెట్టుకున్న ఆమెకు అప్పుడూ ఒరిగేది ఏమీ ఉండదు. ముందు సాయంత్రం పూట కొండ ఊళ్లకు చేరే బస్సు, మర్నాడు వెనక్కి తెచ్చే బస్సు కావాలి. కార్లు లేనివాళ్లు కూడా జిల్లాలో ఉన్నారు. నా స్నేహితురాలు ఒకామె బట్టల షాపులో పనిచేస్తుంది, భైరవకోన చూడాలని ఆరేళ్లుగా అంటోంది. కారు మాట్లాడుకునే స్తోమతు లేక, బస్సులో పోతే రాత్రికి ఎట్లా తిరిగి రావాలో తెలియక ఆగిపోయింది.

ఈ కార్తీకంలో ఆమెను, అత్తమ్మను వెంటబెట్టుకుని నేను మళ్లీ పోతున్నాను, ఈసారి రెండు రాత్రులు. మజ్జిగ ఇచ్చిన ఆమెకు ఫోన్ చేశాను, మిద్దె మీద గది ఊడ్చి పెడతానంది. డబ్బులు తీసుకుంటేనే వస్తామని గట్టిగా చెప్పాను, చాలాసేపు ఒప్పుకోలేదు, చివరికి సరేనంది.

మీకు ఒక విన్నపం. ప్రతి శుక్రవారం జిల్లా పేజీలో ఒక మూల, పెద్ద స్థలం అక్కర్లేదు, ఉదయగిరి, సీతారాంపురం, రాపూరు, సీఎస్ పురం, కంభం పోయే బస్సుల వేళలు, తిరుగు బస్సుల వేళలు, ఆ వారం కోనల్లో నీళ్లున్నాయో లేదో, బాత్‌రూమ్‌లు తెరిచి ఉన్నాయో లేదో వేయండి. మీ విలేకరులు ఆ మండలాల్లో ఉన్నారు కాబట్టి తెలుసుకోవడం కష్టం కాదు. తాళం వేసి ఉంటే ఉందని వేయండి. నాలుగు వారాలు వరసగా అచ్చయితే అయిదో వారం ఆ తాళం తీస్తారని నా నమ్మకం.

ఇట్లు,
ఒక పాఠకురాలు,
మూలాపేట, నెల్లూరు